కడప ఎండకు ఫోర్సీథియా పూస్తుందా? అమెరికాలో ఉన్న పొద ఎందుకు సగమే పూస్తోంది?

పెన్నగట్టు (ప్రొద్దుటూరు)

అందరికీ నమస్కారం. రెండు ప్రశ్నలు ఉన్నాయి, రెండూ ఒకే మొక్క గురించే.

మా చెల్లెలు వాళ్ళు అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్‌లో ఉంటారు. వాళ్ళు కొన్న ఇంటి ముందర ఫోర్సీథియా పొదలు వరసగా ఉన్నాయి. చలి తగ్గగానే ఆకు ఇంకా రాకముందే కొమ్మల నిండా పసుపు పూలు వస్తాయి కదా, అదే. పక్కింటి వాళ్ళ పొద కింది నుంచి పై దాకా పూస్తుంది. వీళ్ళది మాత్రం మోకాలి ఎత్తు వరకే పూస్తుంది, ఆ పైన ఉత్త పుల్లలే. ప్రతి ఏడూ ఇదే వరస. మా అమ్మేమో ఫోన్‌లో "మల్లెకు చేసినట్టే సంక్రాంతి లోపల కత్తిరించి ఆకు దూసేయండి, కొత్త చిగురేసి విరగబూస్తుంది" అంటోంది. అది సరైనదేనా?

రెండోది నా ఆశ. ఆ ఫోటోలు చూసినప్పటి నుంచి మా కాంపౌండ్ గోడ వెంబడి ఒక వరస పెట్టుకోవాలని ఉంది. ఎర్రమట్టి తోలించాము, బోరు నీళ్ళు ఉన్నాయి. ఆన్‌లైన్‌లో విత్తనాలూ మొక్కలూ రెండూ కనిపిస్తున్నాయి. తెప్పించుకోమంటారా?

మిద్దెతోట_అనంత

అక్కా, డబ్బు కట్టకముందే అడిగారు, మంచి పని చేశారు. మా వీధిలో ఒకాయన ఫోర్సీథియా అన్న పేరు చూసి ఒక మొక్క తెప్పించుకున్నాడు. బాగానే బతికింది, పూసింది కూడా. పోయి చూస్తే టెకోమా! మన బస్టాండ్ల దగ్గర, డివైడర్ల మధ్యలో ఉండే పసుపు గంటల పూల మొక్క. నర్సరీలో కొంటే చాలా తక్కువకే వచ్చేది. అమ్మినవాళ్ళకు ఫోన్ చేస్తే ఎత్తలేదు.

తేడా కనిపెట్టడం కష్టం కాదు. టెకోమాలో ఒక ఈనెకు అటూ ఇటూ చిన్నాకులు వరసగా ఉంటాయి, వేపాకు మాదిరి. ఫోర్సీథియాకు ఆకులు విడివిడిగా, ఒక్కో కణుపు దగ్గర ఎదురెదురుగా జంటగా వస్తాయి. అంచుకు చిన్న రంపపు పళ్ళుంటాయి. పువ్వుకు రేకులు నాలుగే. ఐదు కనిపిస్తే అది ఫోర్సీథియా కాదని వదిలేయొచ్చు.

బాటనీ_సార్ (కర్నూలు)

అమ్మా, మీ అమ్మగారి మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీ రెండు ప్రశ్నలకూ జవాబు అక్కడే ఉంది.

మల్లె, పారిజాతం, ఆలివ్, ఫోర్సీథియా ఇవన్నీ ఒకే కుటుంబం, ఓలియేసి. కాబట్టి మల్లెకు చేసిందే దీనికీ చేద్దామని ఆవిడకు తోచడంలో తప్పు లేదు. అయితే పూత దగ్గర ఈ రెండిటికీ దారులు వేరు. మల్లె కొత్త చిగురు మీద పూస్తుంది. అందుకే చలికాలంలో నీళ్ళు తగ్గించి, కొమ్మలు కత్తిరించి, ఆకు దూస్తే ఎండ ముదిరే సరికి కొత్త కొమ్మలేసి వాటి చివర మొగ్గ పట్టుకుంటుంది. ఫోర్సీథియా పోయినేడు పెరిగిన కొమ్మ మీద పూస్తుంది. ఈ వసంతంలో విచ్చే పువ్వుకు మొగ్గ పోయిన వేసవిలోనే కణుపుల దగ్గర తయారై, ఆకు రాలాక చలికాలమంతా ఆ కొమ్మనే అంటిపెట్టుకుని ఉంటుంది. సంక్రాంతికి కత్తెర పెట్టారంటే ఆ ఏడాది పూతంతా చెత్తబుట్టలో పడినట్టే.

ఇంకో సంగతి. ఆ మొగ్గకు చలి తగలాలి. ఊరికే చల్లగాలి కాదు, 0 నుంచి 7 డిగ్రీల మధ్య చలి వారాల తరబడి ఉండాలి. అప్పుడే మొగ్గ నిద్ర వదులుతుంది. ఆ తర్వాత కాస్త వెచ్చబడగానే ఆకు కంటే ముందు పువ్వు విచ్చుకుంటుంది. మన దగ్గర చలికాలపు రాత్రి 15 డిగ్రీలకు దిగితేనే దుప్పటి వెతుక్కుంటాము. పగలు మళ్ళీ 30 దాకా పోతుంది. ఆ మొక్కకు అది చలికాలమే కాదు.

మన సీమలో నాటితే ఏమవుతుంది? నీడలో, నీళ్ళు పోస్తూ కాపాడితే కొన్నాళ్ళు ఆకుతో ఉంటుంది. ఆకు పూర్తిగా రాల్చదు, చిగురు కూడా ఒక్కసారిగా వేయదు, అక్కడక్కడా ఎండుతూ ఉంటుంది. పువ్వు మాత్రం రాదు. ఆపైన మే నెల 42, 43 డిగ్రీలు. దాని సొంత ఊళ్ళు చైనా, కొరియా, జపాన్. ఒక్క జాతి మాత్రం యూరప్‌లో అల్బేనియా వైపు కొండల్లో ఉంది. సియోల్ నగరానికి అధికారిక పుష్పం ఇదే, వాళ్ళు గేనారి అంటారు. ఇప్పుడు తోటల్లో ఎక్కువగా కనిపించేది సస్పెన్సా, విరిడిస్సిమా అనే రెండు చైనా జాతుల సంకరం. ఫోర్సీథియా అన్న పేరు విలియం ఫోర్సిత్ అనే స్కాట్లండ్ తోటల నిపుణుడిది. 1804లో లండన్‌లో హార్టికల్చరల్ సొసైటీ పెట్టినవాళ్ళలో ఆయన ఒకరు.

పెన్నగట్టు

సార్, చాలా థాంక్స్. మీరు రాసింది అమ్మకు చదివి వినిపించాను. "అయితే దానికి పూత అయ్యాకే కత్తిరింపు అన్నమాట" అంది. చెల్లెలు ఇంకో మాట చెప్పింది. ఆ ఇంటి లాన్ చూసేవాళ్ళు ప్రతి అక్టోబర్‌లో మెషిన్ పెట్టి పొదలన్నీ గుండ్రంగా చెక్కి పోతారట. పాత ఓనర్ పెట్టిన అలవాటు, వీళ్ళూ కొనసాగిస్తున్నారు. దానివల్లేనా?

ఒట్టావా_కోడుమూరు

మాది కోడుమూరు, ఉండేది కెనడాలో. మా పెరట్లో ఫోర్సీథియా ఉంది కాబట్టి చెల్లెలి విషయం నేను చెప్తాను.

మోకాలి ఎత్తు వరకే పూయడం అంటే చలిదేశాల్లో అందరికీ మొదట అనుమానం వచ్చేది గడ్డకట్టే చలి మీదే. చెట్టు చావదు, కొమ్మ చావదు, పూమొగ్గ మాత్రం చస్తుంది. పాత రకాలకు, ముఖ్యంగా లిన్‌వుడ్ లాంటివాటికి, మైనస్ 23 డిగ్రీల దగ్గర మొగ్గలు పోవడం మొదలవుతుంది. మిన్నెసోటాలో అంతకంటే కిందికి దిగే రాత్రులు ఉంటాయి. మంచులో కప్పబడిన కింది కొమ్మలకు మాత్రం ఆ చలిగాలి తగలదు, ఆ మొగ్గలు బతుకుతాయి. అందుకే మంచు ఎంత ఎత్తు నిలిచిందో అంత ఎత్తు వరకు గీత గీసినట్టు పూస్తుంది.

అక్టోబర్ కత్తిరింపు దెబ్బ వేరే రకంగా కనిపిస్తుంది. పొద బయటి పొర అంతా బోసిగా ఉండి, లోపలి వైపు మెషిన్ తగలని కొమ్మల మీద అక్కడక్కడా పూలుంటాయి.

ఏది కారణమో ఇప్పుడే తేల్చుకోవచ్చు, పూత దాకా ఆగక్కర్లేదు. చెల్లెల్ని బయటికి పోయి పొద పైనుంచి ఒక పుల్ల, మంచు కింద నుంచి ఒక పుల్ల కోసుకురమ్మనండి. కణుపుల దగ్గర సన్నగా, మొన తేలి, రెండు మూడు కలిసి గుత్తిగా ఉండేవి పూమొగ్గలు. ఆకుమొగ్గ ఇంకా చిన్నది, కొమ్మకు అణిగి ఉంటుంది. పూమొగ్గను బ్లేడుతో నిలువుగా చీల్చి చూడమనండి. లోపల లేత ఆకుపచ్చగానో పసుపుగానో తడిగా ఉంటే బతికున్నట్టు. గోధుమరంగులో పొడిగా ఉంటే పోయినట్టు. మొగ్గే లేకుండా పుల్ల మొండిగా ఆగిపోయి ఉంటే కత్తెర పని.

కోసిగి_రైతు

సార్‌ను ఒక మాట అడగాలని ఉంది. ట్యూలిప్ గడ్డలను ఫ్రిజ్‌లో పెట్టి మైదానాల్లో పూయిస్తున్నారు కదా. దీన్ని కుండీలో పెంచి, చలికాలంలో మిర్చి కోల్డ్ స్టోరేజీలో పెడితే కుదరదా? లేదంటే హార్స్లీ హిల్స్ మీద ఎవరన్నా పెంచి చూశారా?

బాటనీ_సార్ (కర్నూలు)

మంచి ప్రశ్న. సూత్రం ప్రకారం చూస్తే కోల్డ్ స్టోరేజీ పని చేయాలి, మొగ్గకు కావాల్సింది చలి లెక్కే కాబట్టి. కానీ ట్యూలిప్ గడ్డ తన తిండి తనలోనే దాచుకుని వస్తుంది, పూశాక మనం పారేస్తాము. ఫోర్సీథియా ఏళ్ళ తరబడి బతికే పొద, ఆరు నుంచి పది అడుగులు పెరుగుతుంది. మొగ్గ తయారు కావాలంటే దానికి ముందు మరీ మండిపోని వేసవి కావాలి, ఎండ కావాలి, ఆరోగ్యమైన కొమ్మ కావాలి. కుండీలో, మన వేసవిలో ఆ కొమ్మ ఎక్కడి నుంచి వస్తుంది? ఒక్కసారి పూయించగలిగినా మళ్ళీ మే నెల వస్తుంది.

హార్స్లీ హిల్స్ ఎత్తు 4,000 అడుగులు దాటుతుంది, మనకంటే చల్లనే. అయినా వారాల తరబడి 7 డిగ్రీల లోపల ఉండే చోటు కాదు అది. మన దేశంలో చూడాలంటే కశ్మీర్ పోవాలి. శ్రీనగర్ తోటల్లో మార్చిలో పూస్తుంది.

నర్సరీ_కడప

నేను మొక్కల వ్యాపారంలో ఉన్నాను. అమ్మకం పోతుందని తెలిసీ చెప్తున్నా, కడపలో ఫోర్సీథియా అని ఎవరిచ్చినా తీసుకోవద్దు. కడియం నుంచి మాకు వచ్చే లోడుల్లో అది ఉండదు. అడిగితే టెకోమానో, గాల్ఫిమియానో, పసుపు జాస్మిన్నో చేతిలో పెడతారు. అవీ మంచి మొక్కలే, వాటి పేరుతోనే కొనుక్కోండి. గోడ వెంబడి వరస కావాలంటే టెకోమా రెండడుగుల కత్తిరింపు కూడా తట్టుకుంటుంది, ఏడాదిలో చాలా నెలలు పూస్తుంది. బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నా సర్దుకుంటుంది. కాయలు మాత్రం ముదరకముందే తీసేయండి, గింజ గాలికి పోయి ఎక్కడపడితే అక్కడ మొలుస్తుంది.

మిద్దెతోట_అనంత

తంగేడును ఎవరూ తలచుకోవడం లేదే! మా అనంతపురం జిల్లాలో వాన లేని ఏడు కూడా రోడ్డు పక్కన అదే పూస్తుంది. ఎవరు నీళ్ళు పోస్తున్నారు దానికి? అడవి మొక్క కదా అని ఇంట్లో పెట్టరు గానీ, గింజ చల్లి, ఏడాదికోసారి కత్తిరిస్తే చక్కటి పొద అవుతుంది.

నల్లమల_దారి (ఆత్మకూరు)

అక్కా, మీరు ఫోటోలో చూసి ముచ్చటపడింది ఆకు లేని కొమ్మ మీది పసుపును కదా. తంగేడు, టెకోమా రెండూ ఆకుల మధ్యలో పూస్తాయి, ఆ అందం వేరు. ఆకు లేకుండా పూసే పసుపు మనకు సొంతంగా ఉంది. కొండగోగు.

శివరాత్రికి ఆత్మకూరు వైపు నుంచి శ్రీశైలానికి నడిచిపోయేవాళ్ళు చూసే ఉంటారు. అడవి అంతా ఎండి బూడిదరంగులో ఉంటుంది. నేల మీద నడుస్తుంటే ఆకులు కరకరలాడతాయి. ఆ మధ్యలో గుట్ట వాలు మీద, రాళ్ళ సందులో, ఒక్క ఆకు కూడా లేని వంకర చెట్టు. ప్రతి కొమ్మ చివరా అరచేయంత పసుపు పువ్వు. ఐదు రేకులు, మధ్యలో కుచ్చులా బోలెడన్ని కేసరాలు. పొద్దున పూట దగ్గరికి పోతే తేనెటీగల రొద మాట వినపడనీయదు. రాలిన పువ్వు రాయి మీద పడి కూడా రంగు పోకుండా ఉంటుంది.

నల్లమల ఒక్కటే కాదు, మీ కడప దగ్గర పాలకొండలు, శేషాచలం, తిరుమల కొండలు అన్నిటా ఉంది. ఫిబ్రవరి, మార్చి దాని కాలం. చలికీ దానికీ సంబంధం లేదు. నీళ్ళు లేకపోవడమే దానికి గుర్తు. నేల ఎండగానే ఆకు రాలుస్తుంది, ఆ తర్వాత పూస్తుంది. సీమ ఎండకే పుట్టిన చెట్టు అది. దీని బంకను కొండగోగు బంక అంటారు, గిరిజనులు సేకరించి అమ్ముతారు.

పెన్నగట్టు

మేము తిరుమల మెట్లెక్కేటప్పుడు చూశాను నేను దీన్ని! పేరు తెలియక "ఏందో అడవి పువ్వు" అనుకున్నాము. అన్నా, ఇంటి దగ్గర పెంచవచ్చా? ఎర్రమట్టిలో వస్తుందా? మొక్క ఎక్కడ దొరుకుతుంది? కొండకు పోయి పీక్కొస్తామని మా ఆయన అంటున్నాడు.

నల్లమల_దారి (ఆత్మకూరు)

పీక్కురావద్దు. రిజర్వు అడవిలో మొక్క తీయడం నేరం. నల్లమలలో చాలా భాగం పులుల అభయారణ్యం, శేషాచలం 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు. ఆ సంగతి పక్కన పెట్టినా, దాని వేరు గడ్డకట్టి రాళ్ళలోకి లోతుగా దిగి ఉంటుంది. పీకితే తెగుతుంది, తెగితే కుళ్ళుతుంది. తెచ్చిన మొక్క బతకదు.

విత్తనంతో వస్తుంది. పూత అయ్యాక ఎండాకాలంలో కాయ పగులుతుంది. లోపల పత్తిలాంటి పట్టు దూదిలో చిన్న గింజలు, మూత్రపిండం ఆకారంలో ఉంటాయి. అటవీ శాఖ నర్సరీలో అడగండి, లేదా ఎవరి పొలం గట్టు మీదన్నా చెట్టుంటే వాళ్ళను అడిగి తీసుకోండి. గింజ పెంకు గట్టిది. గరుకు కాగితం మీద ఒక పక్క కాస్త రుద్ది, గోరువెచ్చటి నీళ్ళలో రాత్రంతా నానబెట్టాలి. తొలకరికి కవర్లలో వేయాలి. సగం ఎర్రమట్టి, సగం ఇసుక గరుసు. కొమ్మ నాటినా వస్తుందంటారు, కానీ నా చేతిలో గింజే బాగా వచ్చింది.

ఎర్రమట్టి అయితే దానికి బంగారం. నల్లరేగడిలో మాత్రం వాన నీళ్ళు నిలిస్తే వేరు పోతుంది, మట్టి ఎత్తుగా పోసి నాటాలి. గోడకు బాగా దూరంగా పెట్టండి, ఇది పొద కాదు, 15 అడుగుల పైకి పోయే చెట్టు. కొమ్మ పెళుసు, కింద కారు నిలపవద్దు. ముఖ్యమైనది ఏమిటంటే దీపావళి దాటాక నీళ్ళు తగ్గించి, సంక్రాంతికి పూర్తిగా ఆపేయాలి. అయ్యో ఎండిపోతోంది అని జాలిపడి పోశారంటే ఆకు నిలబడుతుంది, పువ్వు తగ్గుతుంది. నాటిన కొన్నేళ్ళకు గానీ పూయదు, అంతవరకు ఓపిక పట్టాలి.

కోసిగి_రైతు

మా ఊరి గుట్ట మీద ఉన్నాయి ఇవి. గొర్లోళ్ళు కాయలోని దూదిని దిండ్లలో కూరేవాళ్ళని మా నాయన చెప్పేవాడు. ఇన్నాళ్ళూ దీన్ని ఇంటి ముందర పెట్టొచ్చని తట్టలేదు.

పెన్నగట్టు

చెల్లెలి దగ్గర నుంచి ఫోటోలు వచ్చాయి. ఒట్టావా అక్క చెప్పినట్టే బ్లేడుతో చీల్చింది. మంచు కిందున్న పుల్లలో మొగ్గ లోపల లేత ఆకుపచ్చ. పై పుల్లలో మొగ్గ ఉంది గానీ లోపల గోధుమరంగు పొడి. ఇంకొన్ని పుల్లలు చివర నరికేసి ఉన్నాయి, వాటికి మొగ్గే లేదు. అంటే రెండు కారణాలూ ఉన్నట్టేనా? మరి పక్కింటి వాళ్ళది ఎందుకు నిండా పూస్తోంది, చలి ఇద్దరికీ ఒకటే కదా?

ఒట్టావా_కోడుమూరు

అవును, రెండూ ఉన్నాయి. పక్కింటిది చలికి తట్టుకునే రకం అయ్యుంటుంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్ళే నార్తర్న్ సన్ అనే రకం తెచ్చారు, దాని మొగ్గ మైనస్ 30 దాటినా నిలుస్తుంది. మెడోలార్క్ ఇంకా గట్టిది, మైనస్ 37 దాకా. మా ఒట్టావాలో పుట్టిన నార్తర్న్ గోల్డ్ కూడా ఉంది. పక్కింటి వాళ్ళను రకం పేరు అడగమనండి. వాళ్ళు సరేనంటే జూన్, జూలైలో లేత కొమ్మ ముక్క నాటినా తేలిగ్గా వేరు పట్టేస్తుంది. వంగిన కొమ్మను నేలకు తొక్కి, మీద మట్టి కప్పి రాయి పెట్టినా చాలు.

ఉన్న పొదలను పీకేయనక్కర్లేదు. ముందు ఆ అక్టోబర్ మెషిన్ ఆపించండి. లాన్ వాళ్ళకు నోటితో చెప్తే మరిచిపోతారు, కాగితం మీద రాసివ్వమనండి. ఈసారి పూత అయిపోయిన వెంటనే, అంటే మే చివరి లోపల, పొదలో ముసలి కొమ్మలు చూడాలి. బెరడు గరుకుగా, బూడిదరంగులో, బొటనవేలి కంటే లావుగా ఉండేవి అవే. వాటిలో మూడో వంతు నేల మట్టానికి కోసేయాలి. పైపైన చెక్కితే పని కాదు, అడుగునే కోయాలి. వచ్చే ఏడు ఇంకో మూడో వంతు, ఆపై ఏడు మిగిలినవి. మూడేళ్ళకు పొద అంతా కొత్త కొమ్మలతో నిండుతుంది. మిగతా కొమ్మలను తమ ఇష్టానికి వంగనివ్వాలి, దాని అందమే ఆ వంపు. గుండ్రంగా చెక్కిన ఫోర్సీథియాను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. రోజుకు ఆరు గంటల ఎండ ఉండాలి. లాన్‌కు వేసే నత్రజని ఎరువు దీని మొదట్లో పడకుండా చూసుకోవాలి, పడితే ఆకే పెరుగుతుంది.

ఇంకొకటి, ఇది మాత్రం ఈ వారమే చేయమనండి. మంచు కిందున్న కొమ్మల్లో మొగ్గ బతికుందని తేలింది కదా. మంచు తవ్వి ఒక పది కొమ్మలు ఏటవాలుగా కోసి, ఇంట్లోకి తెచ్చి గోరువెచ్చటి నీళ్ళ కూజాలో పెట్టాలి. నీళ్ళు రెండు మూడు రోజులకోసారి మార్చాలి. హీటర్ పక్కన పెట్టవద్దు. వారం నుంచి మూడు వారాల లోపల విచ్చుకుంటాయి. నేను ప్రతి ఏడూ ఉగాదికి లెక్క చూసి కోస్తాను. బయట ఇంకా మంచు ఉంటుంది, వేపపువ్వు పచ్చడికి పొట్లంలో ఎండుది వాడాల్సి వస్తుంది. దేవుడి ముందర మాత్రం తాజా పసుపు పూల కొమ్మలుంటాయి.

పెన్నగట్టు

ఇప్పుడే వీడియో కాల్‌లో అంతా చెప్పాను. బావ పార తీసుకుని బయటికి పోయాడు. అమ్మ కూడా లైన్‌లోనే ఉంది, ఏ కొమ్మ కోయాలో ఇక్కడి నుంచే చూపిస్తోంది.

నల్లమల అన్నా, ఇక్కడ మాకు కొండగోగే ఖాయం. గోడ పక్కన కాదు, గేటు ఎదురుగా ఖాళీ జాగాలో. గోడకు తంగేడు గింజలు చల్లుతాను. కొండగోగు కాయ ఎప్పటికి పగులుతుంది, ఎవరికన్నా మా వైపు చెట్టు తెలిస్తే చెప్పండి.

నర్సరీ_కడప

మాకు తెలిసిన రైతు పొలం గట్టు మీద రెండు చెట్లున్నాయి మేడమ్, పాలకొండల కింద. ఇప్పుడు పూత మీద ఉన్నాయి. కాయ ఏప్రిల్ నుంచి మే లోపల పగలొచ్చు. ఆయన్ని అడిగి గింజలు తెప్పిస్తాను, డబ్బులేమీ వద్దు. జూన్‌లో వాన పడగానే కవర్లలో వేస్తాను, ఇంకెవరికన్నా కావాలంటే ఇక్కడే పేరు రాయండి.

కోసిగి_రైతు

నాకు రెండు.

మిద్దెతోట_అనంత

నాకూ ఒకటి. పెద్ద డ్రమ్ములో పెట్టి మిద్దె మీద పెంచుతాను. వేరు గడ్డకట్టే రకం కాబట్టి డ్రమ్ములో కూడా బతుకుతుందని నా నమ్మకం. అడుగున రంధ్రాలు ఎక్కువ పెడితే చాలా అన్నా?

నల్లమల_దారి (ఆత్మకూరు)

రంధ్రాలు పెట్టి, అడుగున అరడుగు కంకర వేసి, ఆ పైన మట్టి పోయండి. డ్రమ్ములో చెట్టు పొట్టిగానే ఉంటుంది, పువ్వు సైజు మాత్రం తగ్గదు. గాలికి పడకుండా పిట్టగోడకు ఆనించి కట్టండి.